పింగాణి పాత్రల అడుగు ముద్రలు

మన స్త్రీలు బంగారము కొనునపుడు ఒరపెట్టించి చూతురు. పట్టుచీర కొనునపుడు అంచును త్రిప్పి సరిగ నాణెమును విచారింతురు. కంచుగిన్నెను వ్రేలితో మీటి దాని నాదమును విందురు. పింగాణి పాత్రల విషయమున మాత్రము పైనున్న గులాబిపూవును, అంచుననున్న బంగారు గీతను చూచి మెచ్చుకొని యూరకుందురు. ఆ పాత్ర యెక్కడ పుట్టినది, ఎప్పుడు పుట్టినది, ఎవరు చేసినది యను సంగతులు దాని ముఖమున లేవు, అడుగున నున్నవి. కప్పును బోర్లించి చూచు నలవాటు మనలో నింకను కుదురలేదు.

ఇది తీరికగల వారి వేడుక యని కొందఱు తలంపవచ్చును. కాని యొక్కమాఱు మన బీరువాలను తెఱచి చూతము. తాతల కాలమున ఇంగ్లండునుండి వచ్చిన టీ సామానులు నేటికిని పెక్కు కుటుంబములలో నున్నవి. అన్నదమ్ములు వేఱుపడునపుడు అవి పంపకమునకు వచ్చును. ఇల్లు మారునపుడు, చేతిలో ధనము లేనపుడు అమ్మకమునకు వచ్చును. అప్పుడు పాతసామానుల వర్తకుడు కప్పును తలక్రిందు చేసి, ఒక్క నిమిషము చూచి, వెల చెప్పును. ఆ నిమిషములో అతడు చదివినదేమో ఇల్లాలికి తెలియదు. అతడు చదివినదానిని ఆమెయు చదువగలిగినచో నూఱేండ్ల వస్తువును చిల్లరకు విడువదు. నిన్నటి వస్తువును నూఱేండ్లదని నమ్మి కొనదు. ఈ చదువునకు పాఠశాల యక్కఱలేదు. కొన్ని గుఱుతులును, కొన్ని సంవత్సరములును తెలిసిన చాలును.

ఆరంభముననే యొక హెచ్చరిక చేయవలసియున్నది. అశోకవనమున సీతాదేవి హనుమంతుని చూచినంతనే నమ్మలేదు. రాముని రూపలక్షణములను చెప్పుమని ముందుగా నడిగెను. అతడు చెప్పిన గుఱుతులు సరిపోయిన పిదప ముద్రిక నందుకొనెను. పింగాణి పాత్రల ముద్రకును ఇదియే న్యాయము. ముద్ర మంచి సాక్షి. కాని సాక్షిని ప్రశ్నింపక తీర్పు చెప్పరాదు.

బోన్ చైనా యననేమి?

"బోన్" అనగా ఎముక. ఈ పేరు సొగసునకు పెట్టినది కాదు. పశువుల యెముకలను క్రొవ్వు తీసి, కాల్చి, మెత్తగా నూఱిన బూడిద ఈ పాత్రల మన్నులో ఇంచుమించు సగముండును. మిగిలిన సగములో ఒక పాలు కయొలిన్ అను తెల్లమన్ను, ఒక పాలు కార్న్‌వాల్ సీమలో దొరకు ఒక జాతి ఱాతి పొడి.

చీనావారి పింగాణి రహస్యము చిరకాలము ఐరోపావారికి అంతుపట్టలేదు. జర్మనీలోని మైసెన్ పట్టణమున 1710లో కర్మాగారము నెలకొనిన తరువాత గట్టి పింగాణి అచ్చట తయారగుచు వచ్చెను. ఆంగ్లేయులు వేఱొక త్రోవ త్రొక్కిరి. 18వ శతాబ్ది నడుమ లండను చెంత బో అను చోట థామస్ ఫ్రై అను నతడు ఎముకల బూడిదను మన్నులో చేర్చి పాత్రలు చేయించెను. ఆ శతాబ్ది చివర స్టాఫర్డ్‌షైరు మండలములోని స్టోక్ పట్టణమున జోసయా స్పోడు, అతని తరువాత అదే పేరుగల యతని కుమారుడు, నేటికిని నిలిచియున్న పాళ్లను కుదిర్చిరి. తక్కిన కర్మాగారములవారు వారిని అనుసరించిరి. నేడు స్టోక్-ఆన్-ట్రెంట్ అని పిలువబడు ఆ ప్రాంతము కుమ్మరుల సీమ యని ప్రసిద్ధికెక్కినది.

ఎముకల బూడిద వలన పాత్రకు మూడు గుణములు కలుగుచున్నవి: తెలుపు, పలుచదనము, బలము. కప్పును వెలుతురున కెదురుగా పట్టి వెనుక వ్రేళ్లనాడించినచో వాని నీడ లోపలినుండి కానవచ్చును. మామూలు మట్టిపాత్రలో ఈ నీడ కానరాదు. గట్టి పింగాణిలో వెలుతురు కానవచ్చినను దాని తెలుపులో నీలిచాయయో, బూడిదచాయయో తోచును. బోన్ చైనా తెలుపు కాచినపాల తెలుపువలె కొంచెము వెచ్చగా నుండును. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి పగటి వెలుతురున చూచినచో ఈ భేదము కంటికి త్వరలోనే అలవడును.

ఈ పాత్ర ఆవములో ఒకమాఱు కాలి బయటపడునది కాదు. మొదటి కాల్పు 1200 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిమిలో జరుగును. అప్పుడు మన్ను గట్టిపడును. పిదప గాజుపూత పూసి అంతకంటె తక్కువ వేడిలో రెండవమాఱు కాల్తురు. పూతపైని రంగులును, బంగారమును ఇంకను తక్కువ వేడిలో మఱియొకమాఱు కాల్చి నిలుపుదురు. ఈ కాల్పుల క్రమమును గుఱుతుంచుకొనవలెను. ముద్ర ఏ కాల్పునకు ముందు పడినదో తెలిసినచో దానిని ఎంతవఱకు నమ్మవచ్చునో తెలియును.

ముద్ర వేయు విధములు

ముద్రలు నాలుగు విధములు. మన్ను పచ్చిగా నున్నపుడే లోహపు అచ్చుతో నొక్కినది మొదటిది. పచ్చిమన్నుపై మొనగల పనిముట్టుతో గీచినది రెండవది. కుంచెతో వ్రాసినది మూడవది. రాగిరేకు మీద చెక్కిన అచ్చునుండి కాగితము మీదికి, కాగితమునుండి పాత్ర మీదికి దింపినది నాల్గవది. 19వ శతాబ్దినుండి నాల్గవ విధమే యెక్కువగా వాడుకలోనికి వచ్చినది.

నొక్కిన ముద్రయు, గీచిన ముద్రయు మొదటి కాల్పునకు ముందు పడినవి. వానిని తరువాత నెవ్వరును చేర్పజాలరు. పూత క్రింద నున్న ముద్ర గూడ అంత త్వరగా చెఱిగిపోదు. పూత మీది ముద్రను మాత్రము ఎప్పుడైనను వేయవచ్చును, గీకివేయవచ్చును. కావున ముద్రపై వ్రేలిమొనను మెల్లగా నడపి చూడుడు. నున్నగా జాఱినచో అది పూత క్రిందిది. ఒకింత గరుకుగానో, ఎత్తుగానో తగిలినచో పూత మీదిది. పూత మీదిదంతయు కపటమని తలంపరాదు. కాని దానికి తోడుసాక్ష్యము కావలెను.

అడుగున కనబడు ప్రతి గీతయు కర్మాగారపు ముద్ర కాదు. కుంచెతో వ్రాసిన అంకెలు సాధారణముగా నమూనాకు చెందినవి. అంగడివారు అదే చిత్రము గల కప్పు మఱల కావలెనన్నచో ఆ సంఖ్య చెప్పి తెప్పించెడివారు. ఒంటరి అక్షరము, చిన్న చుక్క, కొక్కెమువంటి గీత మొదలగునవి రంగులు వేసిన పనివారి గుఱుతులు. వారికి కూలి లెక్క కట్టుటకు ఉపయోగపడినవి. ఒకప్పుడు అమ్మిన అంగడి పేరు గూడ చేసినవారి పేరువలె దర్జాగా అచ్చుపడియుండును.

ముద్రయే లేని పాత్రలు కూడ కలవు. 19వ శతాబ్ది పూర్వభాగమున అనేక కర్మాగారములవారు ముద్ర వేయలేదు. సరకును చేసినవారి పేరు కొనువారికి తెలియుట అంగడివారికి ఇష్టముండెడిది కాదు; తెలిసినచో కొనువారు నేరుగా కర్మాగారమునకే పోవుదురు గదా! కావున ముద్రలేని కప్పును నీచముగా చూచి పనిమనిషికి పారవేయవలదు. దాని తెలుపును, పలుచదనమును, చేతిపనిని చూచి విలువ కట్టవలెను.

దేశము పేరు చెప్పు కాలము

ఇక ముద్రను చదువుట కెల్ల మూలమగు సూత్రమును చెప్పెదను. ముద్రలోని మాట తఱచుగా పాత్ర పుట్టిన సంవత్సరమును చెప్పదు; ఏ సంవత్సరమునకు ముందు పుట్టియుండదో చెప్పును. ఈ యొక్క సూత్రము చేతనుండిన సగము మోసములు తొలగిపోవును.

అమెరికా ప్రభుత్వము 1890లో ఒక దిగుమతి సుంకపు శాసనము చేసినది. దానిని ప్రతిపాదించిన మెకిన్లీ తరువాత ఆ దేశమునకు అధ్యక్షుడయ్యెను. ఆ శాసనము ననుసరించి 1891 మొదలుకొని తమ దేశమునకు వచ్చు వస్తువులపై అవి పుట్టిన దేశము పేరు ఉండవలెనని నియమించిరి. ఆంగ్లేయ కర్మాగారములవారు అమెరికాకు వేఱు అచ్చు, ఇతరులకు వేఱు అచ్చు పెట్టుకొనుట దండుగయని "ఇంగ్లండ్" అను మాటను తమ ముద్రలో చేర్చుకొనిరి. కావున ముద్రలో ఈ మాట యున్నచో ఆ పాత్ర సాధారణముగా 1891 తరువాతిది. కొందఱు అంతకు ముందే తమ యిష్టముచేత ఆ మాట వాడియుండిరి గాని వారు తక్కువ. "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని మూడు మాటలున్నచో 20వ శతాబ్దిది యని చెప్పవచ్చును.

జపాను పాత్రలకును ఇదే శాసనము కాలము చెప్పుచున్నది. 1891 నుండి 1921 వఱకు వారు తమ దేశభాషలోని "నిప్పాన్" అను పేరును ముద్రించిరి. 1921లో అమెరికా సుంకపు అధికారులు ఆ మాట తమకు పనికిరాదని, "జపాన్" అనియే యుండవలెనని కట్టడి చేసిరి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆ దేశము మిత్రరాజ్యముల యేలుబడిలో నున్నపుడు కొన్నిటిపై "ఆక్యుపైడ్ జపాన్" అని పడినది. ఆ యేలుబడి 1952లో ముగిసినది గనుక అట్టి కప్పు కాలము కొలదియేండ్లలో ఇమిడిపోవుచున్నది. ఓడిన దేశపు దుఃఖము ఒక కప్పు అడుగున రెండు మాటలలో నిలిచియున్నది.

కర్మాగారపు పేరు చివర "లిమిటెడ్" అనుమాట యున్నచో అది 19వ శతాబ్ది ఉత్తరార్ధమునకు ముందుది కాజాలదు. ఆ విధమగు కంపెనీలకు శాసనము అప్పుడే యేర్పడినది. "బోన్ చైనా" అను మాటయే ముద్రలో నున్నచో అది 20వ శతాబ్దిది. స్పోడు కాలమువారు చేసినది బోన్ చైనాయే. కాని ఆ పేరును పాత్ర అడుగున వ్రాయు ఆచారము వారికి లేదు. కాబట్టి స్పోడు తండ్రికొడుకుల నాటి కప్పని చెప్పి "ఫైన్ బోన్ చైనా" అని అచ్చుపడిన దానిని ఎవరైన చూపినచో నవ్వి యూరకొనవచ్చును.

వజ్రాకార ముద్ర

కొన్ని పాత్రల అడుగున గాలిపటమువలె నాలుగు మూలలు గల యొక గుఱుతుండును. దానిని వజ్రాకార ముద్ర యందురు. 1842 నుండి 1883 వఱకు ఇంగ్లండు ప్రభుత్వము కొత్త నమూనాలను రిజిస్టరు చేసి ఈ గుఱుతు నిచ్చుచుండెను. పింగాణి నమూనాను ఇతరులు మూడేండ్లవఱకు దొంగిలింపరాదని దీని యర్థము. శిరోభాగముననున్న చిన్న వలయములో రోమను అంకెలలో నాలుగు అని యుండును. పింగాణియు, మట్టిపాత్రలును నాల్గవ తరగతి వస్తువులు. నడుమ "ఆర్.డి." అను అక్షరములు. నాలుగు మూలలలో సంవత్సరము, నెల, తేది, కట్ట సంఖ్య యుండును.

1842 నుండి 1867 వఱకు సంవత్సరపు అక్షరము పైమూలలో నుండెను. 1868 నుండి అది కుడిమూలకు మారినది. అక్షరములు వరుసగా రావు: "ఎక్స్" 1842, "హెచ్" 1843, "సి" 1844. వరుస తెలిసినచో ఎవరైన ఊహింతురని గాబోలు! పూర్తి పట్టికలు ఈ విషయమును గూర్చిన గ్రంథములలో దొరకును. ముఖ్యముగా నెఱుగవలసినది వేఱొకటి: ఈ తేది నమూనా రిజిస్టరైన తేది, కప్పు తయారైన తేది కాదు. ప్రజలు మెచ్చిన నమూనాను పదియేండ్లును, ఇరువదియేండ్లును చేయుచుందురు.

1884 నుండి వజ్రము పోయి, ఒకటి మొదలుకొని వరుస సంఖ్యలు వచ్చినవి. "ఆర్.డి. నం." అని వ్రాసి సంఖ్య వేయుదురు. 1900 నాటికే ఆ సంఖ్య మూడున్నర లక్షలకు చేరినది. అంతకు మించిన సంఖ్య గల కప్పును విక్టోరియా రాణి పట్టాభిషేకము నాటిదని యెవరైన చెప్పినచో, ఆమె పట్టాభిషేకము 1838లో జరిగినదని నెమ్మదిగా జ్ఞాపకము చేయుడు.

సంవత్సరమునే చెప్పు ముద్రలు

పైన చెప్పిన సూత్రమునకు వెలియైన కర్మాగారములు కొన్ని గలవు. వారు తాము చేసిన సంవత్సరమును ఏదో యొక సంకేతముతో వ్రాసిపెట్టిరి. వీనిని చదువుట ముగ్గులలో చుక్కలు లెక్కించు మనవారికి కష్టము కాదు.

రాయల్ వుస్టర్ వారి ముద్ర వలయాకారము. అందు నాలుగు "డబ్ల్యు" అక్షరములు పెనగొనియుండును. నడుమ 51 అను అంకె, పైన కిరీటము. 51 అనగా కర్మాగారము పుట్టిన 1751వ సంవత్సరము. దానిని చూచి కప్పును 1751 నాటిదని భ్రమపడువా రెందఱో! 1891లో వలయము చుట్టును కంపెనీ పేరును, ఇంగ్లండు పేరును చేర్చిరి. 1892లో ఒక చుక్క పెట్టిరి. ఆపై ఏటేట నొక చుక్క పెరిగినది. కావున చుక్కలను లెక్కపెట్టి 1891కి కలిపినచో సంవత్సరము వచ్చును. పది చుక్కలున్నచో 1901. 1915 నాటికి చుక్కలు ఇరువదినాలుగైనవి. చోటు చాలక 1916లో వాని స్థానమున నక్షత్రమును పెట్టిరి.

మింటన్ వారు 1842 నుండి పచ్చిమన్నుపై సంవత్సరమున కొక చిన్న గుఱుతును నొక్కిరి. 1842కు నక్షత్రము, 1843కు త్రికోణము, 1844కు చతురస్రము. ఈ పద్ధతి నూఱేండ్లు సాగినది. డర్బీ వారి ముద్రలో కిరీటము క్రింద రెండు "డి" అక్షరములు ఎదురెదురుగా పెనవైచుకొనియుండును. 1890లో విక్టోరియా రాణి యనుగ్రహమున వారి పేరునకు "రాయల్" చేరినది. 1938 నుండి వారు రోమను అంకెలు వేయుచు వచ్చిరి: ఒకటి యనగా 1938, రెండు అనగా 1939. ఇరువది యని యున్నచో 1957 అని లెక్క కట్టుకొనవచ్చును. రాయల్ డౌల్టన్ వారి సింహము కిరీటముపై నిలిచియుండును. 1928 నుండి కొంతకాలము ఆ ముద్ర ప్రక్కన నొక చిన్న అంకె వేసిరి. దానికి 1927 కలిపినచో సంవత్సరము తెలియును.

మఱికొన్ని యెడల పేరు మారుటయే కాలమును చెప్పును. స్పోడు కర్మాగారము 1833లో కోప్లండు, గారెట్ అను ఇద్దఱు భాగస్వాముల చేతికి వచ్చెను. 1847లో ఆ భాగస్వామ్యము విడిపోయినది. కావున ఇద్దఱి పేర్లును గల పళ్లెము ఆ పదునాలుగేండ్లలోనిదే యగును. వెడ్జ్‌వుడ్ వారి కథ యింకను విచిత్రము. వారి సంస్థ 1759లో పుట్టినను బోన్ చైనా చేయుటకు 1812లో గాని పూనుకొనలేదు. కొంతకాలము చేసి విడిచి, 1878లో మఱల నారంభించిరి. అప్పుడు పోర్ట్‌లండు కలశమని పేరుగల ప్రాచీన రోమను గాజుపాత్ర బొమ్మను బోన్ చైనాకు ముద్రగా గ్రహించిరి. ఆ కలశము క్రింద "ఇంగ్లండ్" అని లేనిచో 1878కిని 1891కిని నడుమ కాలముది యని చెప్పుటకు వీలున్నది.

మోసపుచ్చు ముద్రలు

ముద్రారాక్షస నాటకమున చాణక్యుడు రాక్షసమంత్రి యొక్క నిజమైన ముద్రికతోనే కపటలేఖకు ముద్ర వేయించెను. ముద్ర నిజము, లేఖ యబద్ధము. పింగాణి వర్తకములో ఈ నాటకము నిత్యము జరుగుచున్నది.

అన్నిటికంటె సామాన్యమైనది సంవత్సరమును చూచి మోసపోవుట. "స్థాపితము 1759" వంటి మాట సంస్థ పుట్టిన యేడు. నమూనా పుట్టిన యేడు కూడ ఇట్లే మోసపుచ్చును. రాయల్ ఆల్బర్ట్ వారి "ఓల్డ్ కంట్రీ రోజెస్" అను గులాబిపూల నమూనా 1962లో పుట్టినది. ప్రపంచమున మిక్కిలి అమ్ముడుపోయిన నమూనాలలో నొకటి. దాని అడుగున 1962 అను సంఖ్య కనబడును. కాని ఆ నమూనా నేటికిని తయారగుచున్నది. 21వ శతాబ్ది ఆరంభమున దాని తయారీ ఇంగ్లండునుండి ఇండొనీషియాకు మారినది. సంవత్సరమును గాక దేశము పేరు ఉన్నదో లేదో చూడవలెను.

పేరు గూడ అమ్ముడుపోవును. స్పోడు, రాయల్ వుస్టర్ సంస్థలు రెండును 2008లో నష్టములపాలై పడిపోయినవి. 2009లో పోర్ట్‌మెరియన్ అను మఱియొక కుమ్మరి సంస్థవారు ఆ పేర్లను కొనిరి. తరువాతి పాత్రలపై ఆ పేర్లు న్యాయముగనే యుండును. కాని ఆ పేరు పడినంతనే పాత కర్మాగారములో చేసినదని యెంచరాదు.

పోలిక పేర్లు మఱియొక వల. వెడ్జ్‌వుడ్ అను పేరును ఆంగ్లమున వ్రాయునపుడు "జి" తరువాత "ఇ" అను అక్షరము లేదు. 19వ శతాబ్దిలో ఇతరులు కొందఱు ఆ యక్షరమును చేర్చి తమ సరకుపై వేసికొనిరి. పేరు తరువాత "అండ్ కో" అని యున్న వెడ్జ్‌వుడ్ వారును వేఱే వారు. ఒక్క యక్షరముతో వెల తలక్రిందగును గనుక చదువు వచ్చిన వారు ఒక్కొక్క యక్షరమునే కూడబలుకుకొని చదువవలెను.

ఇక నిజమైన దొంగముద్రలు. మైసెన్ వారి నీలపు కత్తుల జంట, చెల్సీ వారి బంగారు లంగరు, ఈ రెంటిని అనుకరించినంతగా మఱి దేనిని అనుకరింపలేదు. బంగారు లంగరు పూత మీద వేయునది. అందుచేత ఎవరైనను వేయగలరు. దీనికి విపరీతమైన మోసము గూడ కలదు. తక్కువ వెల కలిగించు మాటను ఆకురాతితో గీకివేసి, మిగిలిన దానిని ప్రాచీనమని అమ్ముదురు. ముద్ర ప్రక్కన పూత మెఱుపు లేక మసకబాఱిన మచ్చ కనబడినచో అచ్చట ఏదో యొకటి చెప్పకుండ నోరు నొక్కబడినదని గ్రహింపుడు.

పరీక్షించు క్రమము

పాత్ర చేతికి వచ్చినపుడు ముద్రను కడపట చూడుడు. మొదట ఎత్తి బరువు చూడుడు. వెలుతురున కెదురుగా పట్టి నీడ చూడుడు. వ్రేలితో మెల్లగా మీటుడు. బీటలేని బోన్ చైనా గంటవలె మ్రోగును, బీటయున్నది బొంగురుపోవును. పిమ్మట అడుగు అంచును చూడుడు. నూఱేండ్లు బల్లలమీద త్రిప్పిన కప్పు అంచున సన్నని గీతలు అడ్డదిడ్డముగా పడియుండును. కృత్రిమముగా రుద్దినచో గీతలన్నియు ఒకే దిక్కుగా నుండును. అప్పుడు భూతద్దముతో ముద్రను చూడుడు: నొక్కినదా, అచ్చుపడినదా, పూత క్రిందిదా, మీదిదా? దేశము పేరున్నదా? లిమిటెడ్ అని యున్నదా? చుక్కలు, అంకెలు ఎన్ని? ఈ సమాధానములన్నియు నొక్క కాలమునే చెప్పినచో నమ్ముడు. ఒక్కటి యెదురుతిరిగినను కొనుట మానుడు. అమ్మునది మీరైనచో తొందరపడక మఱియొకరి కభిప్రాయమునకు చూపుడు.

కంటికి అలవాటు కావలెనన్నచో మంచి వస్తువులను తఱచుగా చూచుటే మార్గము. హైదరాబాదున 1951లో ప్రారంభమైన సాలార్‌జంగు మ్యూజియములో ఐరోపా పింగాణి విస్తారముగా నున్నది. అద్దాల వెనుకనున్న పాత్రల అడుగు మనకు కానరాదు. ఐనను ఆ తెలుపును, ఆ పూతను, ఆ చిత్రముల పొందికను ఒకమాఱు నిదానముగా చూచినవారి కన్ను అంగడిలో మోసపోవుట యరుదు.

మన యిండ్లలో నెఱుగదగిన సంగతులు

మడి యాచారములు గల యిండ్లలో ఎముకల సంగతి తెలియుట ముఖ్యము. పూజాద్రవ్యములకును, శాకాహారుల భోజనమునకును ఈ పాత్రలు తగునా తగవా యనునది యెవరి నియమమును బట్టి వారు నిర్ణయించుకొనవలసినదే; కాని తెలిసి నిర్ణయించుకొనుట వేఱు, తెలియక వాడుట వేఱు. ముద్రలో "బోన్" అను మాట లేనంతమాత్రమున ఎముక లేదని యనుకొనరాదు. 19వ శతాబ్ది ఆంగ్లేయ పాత్రలలో ఆ మాటయే యుండదని పైన చెప్పితిని. ఎముక వలదనువారు కయొలిన్ మన్నుతో చేసిన గట్టి పింగాణిని అడిగి కొనవచ్చును. ఇప్పుడు రాజస్థానము మున్నగు చోట్ల మన దేశముననే బోన్ చైనా తయారగుచున్నది గనుక ఈ విచారణ కొత్త సామానులకును వర్తించును.

పాత పాత్రల పూతమీది రంగులలో సీసముండవచ్చును. అందుచేత నూఱేండ్ల నాటి చిత్రముల గిన్నెలలో పులుసు, నిమ్మరసము, ఊరగాయ వంటి పుల్లని పదార్థములను నిలువయుంచరాదు. బంగారపు గీతగల కప్పును మైక్రోవేవు పొయ్యిలో పెట్టరాదు. బూడిదతోను, ఇసుకతోను తోమరాదు. గోరువెచ్చని నీటిలో మెత్తని గుడ్డతో కడిగి, కప్పులో కప్పు పెట్టక వేఱువేఱుగా నుంచవలెను. అడుగున నున్న మాసిన మఱకను గీకునపుడు ముద్రను గూడ గీకివేయకుండ జాగ్రత్తపడవలెను.

ఇంకొక చిన్న పని చేయుడు. ఇంటనున్న పింగాణి సామానును ఒకనాడు తీరికగా బోర్లించి, ఒక్కొక్కదాని ముద్రను చూచి, ఒక పుస్తకములో వ్రాసిపెట్టుడు. ఏ ముద్ర, ఎన్ని కప్పులు, ఎన్ని సాసరులు, ఎవరి కాలమున నింటికి వచ్చినవి, ఎవరు తెచ్చిరి యను సంగతులు పెద్దవారి నడిగి చేర్చుడు. ఫొటో తీసి జతచేసినచో మఱింత మేలు. కర్మాగారపు చరిత్రము ముద్రలో దొరకును. మీ యింటి చరిత్రము ఏ ముద్రలోను లేదు. అత్తగారి నోటనున్న ఆ మాట ఆమెతోనే పోయినచో మఱి దొరకదు. రేపు పంపకములు వచ్చినపుడు కూతురునకును కోడలికిని తగవు లేకుండుటకు ఆ పుస్తకమే యాధారమగును. అమ్మవలసివచ్చినపుడు వర్తకుని యెదుట గట్టిగా నొక మాట చెప్పుటకును అదియే బలమగును.